ఉద్దానానికి షష్ఠీ విభక్తి

నర్సింగు పాసైన మన ఉద్దానం పిల్లలు జర్మనీ కొలువుల కోసం జర్మన్ వల్లిస్తున్నారు. డెర్, డీ, డాస్ ఎలాగో గట్టెక్కాయి. గండమంతా గెనిటివ్ దగ్గర. అంటే మన షష్ఠి: ఎవరిది, దేనిది. ఆర్టికల్ మార్చాలి, పుంలింగ నపుంసకాల తోకకి ‘స్’ తగిలించాలి. ఇంతా చేస్తే జర్మన్లే నోటిమాటలో దాన్ని వదిలేసి డేటివ్‌తో (మన ‘కి, కు’లతో) సరిపెడుతున్నారు. డేటివే గెనిటివ్‌ని చంపుతోందని బాస్టియన్ జిక్ 2004లో పుస్తకమే వేశాడు, పేరు కూడా ఆ తప్పుడు వ్యాకరణంలోనే పెట్టి!

మనకా పేచీ లేదు. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ అంటూ డేటివ్, గెనిటివ్ రెండింటికీ ఒకే పంచన కాపురం. (ఈ పక్కనే పర్లాకిమిడిలో ఉండి గ్రాంథికాన్ని గడగడలాడించిన గిడుగువారు కూడా సర్కారు ప్రకటనల్లోంచి ‘యొక్క’ను ఊడబెరకలేకపోయారు.) ఇక పలాస, టెక్కలి నాయకులకైతే ఈ విభక్తిలో డాక్టరేటే ఇవ్వచ్చు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, 700 కోట్ల మంచినీళ్ల పథకమూ తెరిచారు. ఎవరి ఆలోచన, ఎవరి హయాం, ఎవరి పేరు? శిలాఫలకం మీద షష్ఠి తప్పిన నాయకుణ్ని చూపించండి.

కానీ గెనిటివ్‌లో ఒక మెలిక ఉంది: ‘వేగెన్’. ‘వల్ల’ అని. దాని వెనక షష్ఠి రావాలి. వేగెన్ డెస్ వాసర్స్, నీళ్ల వల్ల. వేగెన్ డెర్ హిట్సె, ఎండ వల్ల. వేగెన్ డెర్ పెస్టిట్సీడె, పురుగుమందుల వల్ల. ఉద్దానం జీడితోటల్లో, కొబ్బరితోటల్లో ఒళ్లు వంచిన మనుషులకి కిడ్నీలెందుకు పోతున్నాయని ఏళ్ల తరబడి బృందాలు వచ్చాయి, రక్తం తీశాయి, నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లాయి. అనుమానాలు బోలెడు. తేలినదొక్కటీ లేదు. వాక్యం ‘వేగెన్’ దగ్గరే ఆగిపోయింది. ‘ఈ రోగం ఎవులిది బాబూ?’ అని అడిగితే మాత్రం ‘మాదే’ అనే పార్టీ ఒక్కటీ లేదు. అక్కడ శిలాఫలకం పాతడానికి జాగా బోలెడుంది.

సిలబస్‌లో తర్వాతి మాట ‘ట్రోట్స్’. ‘ఉన్నా సరే’ అని. దానికీ షష్ఠే. ఆసుపత్రి ఉన్నా, పథకం ఉన్నా, కమిటీ ఉన్నా... ఉద్దానం పిల్లకి ఈ పాఠం వేరే చెప్పక్కర్లేదు, పుట్టినప్పటినుంచీ వింటున్నదే. రేపు తను జర్మనీలో ఎవరికో డయాలసిస్ పెడుతుంటే, ఆ ఫొటో కింద ‘మా ప్రభుత్వం యొక్క ఘనత’ అని వేసుకోవడానికి మనవాళ్లు సిద్ధం. డెస్‌కీ డెర్‌కీ తేడా తెలియకపోయినా.