లాయరు గారి పంచాంగం

హెచ్-1బీ వీసాకు లక్ష డాలర్లు ఏటా కట్టాల్సిందేనని 2025 సెప్టెంబరు 19, శుక్రవారం అమెరికా వాణిజ్య మంత్రి లట్నిక్ గారు సెలవిచ్చారు. ఏటా కాదు, ఒక్కసారే, అదీ కొత్త హెచ్-1బీ దరఖాస్తులకేనని శనివారం వైట్‌హౌస్ ప్రతినిధి లీవిట్ గారు సెలవిచ్చారు. మధ్యలో ఒక రాత్రి ఉంది. ఆ రాత్రి టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఇమిగ్రేషన్ లాయరు ఎవరైనా కంటినిండా నిద్రపోయి ఉంటే ఆయన్ను పట్టుకుని సన్మానం చేయాలి.

ఈ లక్ష డాలర్ల ఉత్తర్వు అమలుకు ఎంచుకున్న తిథి చూశారా? సెప్టెంబరు 21. మహాలయ అమావాస్య, ఆపైన సూర్యగ్రహణం. ఇంత పకడ్బందీగా చెడ్డ ముహూర్తం వెతికి పెట్టినవాడు కచ్చితంగా మనవాడే అయి ఉంటాడు.

అందుకే ఒక ప్రతిపాదన. ఫ్రిస్కోలో సిద్ధాంతి వేరు, లాయరు వేరు ఎందుకు? 2010లో 1,17,000 మంది ఉన్న ఊరు 2020కల్లా 2 లక్షలు దాటింది. పాపం, ఆ ఊరి గుళ్లోని కార్యసిద్ధి హనుమంతుడు ఒక్కడే ఎందరి ఫైళ్లని చూస్తాడు? ఇకనుంచి పంచాంగం లాయరు గారే రాస్తారు. జన్మనక్షత్రం అడగరు, గ్రీన్‌కార్డు వరుసలో మీ చోటు చెప్పే ప్రయారిటీ డేట్ చెబితే చాలు. గోత్రాలు ముఖ్యంగా రెండు, గ్రీన్‌కార్డు కేటగిరీలు: ఈబీ-2, ఈబీ-3. మొదటిది కదలకపోతే రెండో గోత్రంలోకి దిగొచ్చు, దక్షిణ వేరే. ఏ తేదీ వాళ్ల వంతు వచ్చిందో చెప్పే నెలనెలా వీసా బులెటినే రాశిఫలాలు. ముందుకు నడవాల్సిన తేదీ వెనక్కి నడిస్తే వక్రగతి. 2013లో వరుసలో నిలబడ్డవాడికి 2025లో గానీ శుభదశ మొదలుకాలేదు. ఉద్యోగం పోతే 60 రోజుల మైల. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేస్తే శుద్ధి, లేదంటే పెట్టెలు సర్దుకోవడమే. పిల్లలకు బాలారిష్టం 21 నిండగానే, అమ్మానాన్నల దరఖాస్తులోంచి జారిపోతారు.

పెళ్లిళ్ల అధ్యాయం మరీ రసవత్తరం. గ్రీన్‌కార్డుల కోటా ఏ దేశానికైనా 7 శాతమే. ఏ దేశమన్నది పుట్టిన చోటును బట్టి తేలుతుంది. భార్య పుట్టిన దేశం లెక్కలోకి భర్త కూడా చేరిపోవచ్చు. కాబట్టి పెళ్లిచూపుల్లో అబ్బాయి తల్లి ఇలా అడుగుతుంది:

"అమ్మాయి చదువు సంగతి తర్వాత, వదినగారూ. పురుడు ఎక్కడ పోసుకున్నారు?"

"కువైట్‌లోనండీ. అప్పట్లో వాళ్ల నాన్నగారి ఉద్యోగం అక్కడే."

"అయితే తాంబూలాలు మార్చేసుకుందాం."

ఇక ప్రయాణ ముహూర్తాలు. బతుకమ్మకని కరీంనగర్ వచ్చినాయన అర్ధరాత్రి ఫోన్ చేస్తాడు. ఉత్తర్వు అమలయ్యేలోగా అమెరికా చేరాలి, గడువు మన కాలమానంలో ఆదివారం ఉదయం 9:31. హైదరాబాద్ నుంచి డాలస్ చేరాలంటే దాదాపు ఒక రోజు. లాయరు గారు వేళ్లు మడిచి లెక్కపెట్టి, "ప్రస్తుతానికి ఎక్కండి" అంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం ఎక్కి కూర్చున్న వాళ్లకు మాత్రం "ప్రస్తుతానికి దిగండి". వాళ్లు నిజంగానే దిగిపోయారు కూడా. సిద్ధాంతి మాటకు తిరుగేముంది? కాకపోతే ఆయన్ను పెట్టుకున్నది కంపెనీ. ముందు కంపెనీకి శాంతి చేసి, ఆ తర్వాతే మీ జాతకం తెరుస్తారు.

సరే, నవ్వింది చాలు. శనిగ్రహానికి మన మీద పగేమీ లేదు, దాని దారిన అది తిరుగుతుంది. ఇది మనుషులు రాసిన కాగితం. దానికి మంత్రి ఒక అర్థం, ప్రతినిధి ఇంకో అర్థం చెప్పారు. చట్టం చదివితే మనిషికి తన గతేమిటో తెలియాలి కదా! రాసినవాళ్లకే తెలియని దాన్ని చట్టం అంటామా? పన్నెండేళ్లు పన్ను కట్టినవాడు తండ్రి దినం మధ్యలో వదిలేసి శంషాబాద్‌కు పరుగెత్తాలా? మన విదేశాంగ శాఖ కుటుంబాలకు ఇబ్బంది కలుగుతుందని ఒక ప్రకటన ఇచ్చింది. ఆ సంగతి కరీంనగర్ ఆయనకు అప్పటికే తెలుసు.

శుక్రవారం ఆ కాగితం మీద సంతకం పెట్టినవాళ్లకు శనివారం ఇచ్చిన వివరణ కూడా అప్పుడే ఇవ్వడానికి అడ్డేమీ లేదు. ఇవ్వలేదు. ఆ ఒక్క రాత్రి భయంతో కొన్న టికెట్ల డబ్బు తిరిగిస్తామని ఇంతవరకు ఎవరూ అనలేదు.