గంప కింది సంజీవని

కాళిదాసు కావ్యాలకు మల్లినాథసూరి రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. ఆయనది మెదక్ దగ్గరి కొల్చారం అంటారు. అంతకుముందు పుట్టిన చెడ్డ వ్యాఖ్యల విషం తగిలి కవి వాక్కు మూర్ఛపోయిందనీ, దాన్ని బతికించడానికే తాను పూనుకున్నాననీ ఆయన చెప్పుకున్నాడు. అంటే కవి వాక్కును పడగొట్టింది రోగం కాదు, చుట్టూ చేరినవాళ్ళ మాటలు. పెరట్లో నాలుగు కోళ్ళు పెంచిన ఎవరికైనా ఈ బాధ ఇట్టే అర్థమవుతుంది.

ఎందుకంటే పెట్టకు జబ్బు చేసిందని తెలియగానే గోడ అవతలి నుంచి వ్యాఖ్యలు మొదలవుతాయి. పక్కింటి పిన్నిగారు వెల్లుల్లి నూరి మింగించమంటారు. వీధిన పోయే మావయ్యగారు ఆగి, ఆముదం పట్టిస్తే కడుపు శుభ్రపడుతుందంటారు. పట్నం నుంచి వచ్చిన కుర్రవాడు ఇంట్లో మిగిలిన పారాసిటమాల్‌లో సగం విరిచి వెయ్యమంటాడు. అల్లుడు మాత్రం ఏమీ అనడు. వంటింటి వైపు చూస్తాడు.

వీటన్నిటి మధ్య నాయనమ్మ చెప్పిన మూలం ఇది:

“పెట్ట ముడుచుకుంది. గంప కింద మూయండి, గోనె పరవండి, గుక్కెడు నీళ్ళు పట్టండి. కత్తి జోలికి పోకండి.”

అవతారిక ఏమిటంటే, వేకువన గూడు తలుపు తీయగానే కోళ్ళన్నీ బిలబిలా బయటికొచ్చాయి. ఒకటి రాలేదు. వక్త నాయనమ్మ, శ్రోతలు ఇంటిల్లిపాది. ఈ మూలం తాళపత్రాల్లో దొరకదు, నోటి నుంచి నోటికి వచ్చింది. గోనె అన్నచోట పాత పంచె అని ఒక పాఠాంతరం ఉంది. ఛందస్సు చూద్దామంటే గణాలు కుదరవు. అనుప్రాస మాత్రం దండిగా ఉంది: గంప, గోనె, గుక్కెడు. యతి కూడా చూడదగ్గదే. ఒకే వర్గంలోని క, గలకు మైత్రి ఉంది కాబట్టి లక్షణ గ్రంథాల లెక్కన గంపకూ కత్తికీ యతి చెల్లుతుంది. పెరట్లో చెల్లదు.

ఇక ప్రతిపదార్థం. పెట్ట అనగా ఆడకోడి. పుంజు అని ఎందుకనలేదని శంక. పుంజుకు దిక్కులు చాలా ఉన్నాయి. సంక్రాంతికి సిద్ధం చేసే గోదావరి పుంజుకు బాదంపప్పు, ఉడికిన గుడ్డు, వేన్నీళ్ళ స్నానం అన్నీ అమరుతాయి. డేగా, కాకీ, నెమలీ అని రంగు పేర్లు పెట్టి, ఏ వారం ఏ రంగు ఏ దిక్కున దిగితే గెలుస్తుందో చూడటానికి కుక్కుట శాస్త్రం తిరగేస్తారు. పెట్ట నలతగా ఉంటే ఆ పుస్తకం తెరిచేవాడు లేడు. అందుకని నాయనమ్మ పెట్టకోసమే మాట ఖర్చు పెట్టింది. వ్యాకరణం చూస్తే ‘పెట్ట’ ఏకవచనం. ఇది పాఠకుడు గుర్తుంచుకోవాలి, దీనితో ముందు పని పడుతుంది.

ముడుచుకుంది. ఈ ఒక్క క్రియలో రోగలక్షణాలన్నీ ఉన్నాయి. మెడ లోపలికి పోయింది, ఈకలు ఉబ్బాయి, తోక వాలింది, కళ్ళు అరమోడ్పు, ఎర్రగా ఉండాల్సిన జుట్టు పాలిపోయింది. ఈకలు ఉబ్బించడం ఒంటికి చలి పట్టకుండా వాటి మధ్య గాలిని బంధించుకోవడానికి. అందరూ అనే మాట ఒకటుంది: “నిన్న సాయంత్రం దాకా బాగానే తిరిగిందండీ.” వ్యాఖ్యాత ఈ మాట ఒప్పుకోడు. గద్దకూ పిల్లికీ బలహీనమైనదే ముందు కనబడుతుంది కాబట్టి, పక్షి తన జబ్బును ఒళ్ళు సహకరించినంతసేపూ దాస్తుంది. ముడుచుకుందంటే ఇక దాచలేకపోయిందని అర్థం. అసలు జబ్బు రెండు మూడు రోజుల కిందే మొదలై ఉంటుంది.

ఇక్కడ పూర్వపక్షులు లేస్తారు. అది జబ్బు కాదు, పొదగడానికి కూర్చుంది అని వారి వాదం. వాదంలో పస లేకపోలేదు. పొదిగే పెట్ట కూడా ఈకలు ఉబ్బించి, తిండి తగ్గించి, 21 రోజులు ఒకేచోట దాదాపు కదలకుండా కూర్చుంటుంది. నిర్ణయం ఎలాగంటే చెయ్యి దగ్గరకు పెట్టాలి. పొదిగేదైతే గుర్రుమని చెయ్యి పొడుస్తుంది. జబ్బుదైతే ఎవరి చెయ్యని కూడా అడగదు. ఇంకో పక్షం వారు గుడ్డు అడ్డం పడిందంటారు. ఒక గుడ్డు తయారవడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది, అందులో ఇరవై గంటల దాకా పెంకుకే పోతుంది. పెంకుకు కావలసిన సున్నం ఒంట్లో చాలకపోతే గుడ్డు బయటికి రాక, పెట్ట నిటారుగా నిలబడి ముక్కుతూ ఉంటుంది. దానికి గోరువెచ్చని నీళ్ళలో కాసేపు కూర్చోబెట్టడం ఉపాయం. ఈకలు రాల్చే కాలం కదా అన్న మూడో పక్షానికి జవాబు అక్కర్లేదు. ఈకలు రాల్చే కోడి వికారంగా ఉంటుందే గాని, గింజలు చల్లితే పరుగెత్తుకొస్తుంది.

నాలుగో పక్షం జ్వర పక్షం. ఒకరు రెక్క కింద చెయ్యి పెట్టి, “అమ్మో, కాలిపోతోంది” అంటారు. కోడి ఎప్పుడూ కాలిపోతూనే ఉంటుంది. దాని మామూలు ఒంటివేడి 41 డిగ్రీల సెల్సియస్ పైమాటే, ఫారెన్‌హీట్‌లో 106 చిల్లర. మనిషికి అంత వస్తే ఆంబులెన్సు పిలుస్తారు. కోడికి అంత లేకపోతేనే భయపడాలి. పారాసిటమాల్ వ్యాఖ్య ఇంతటితో వీగిపోయింది.

గంప కింద మూయండి. గంప ఎందుకు? ఇందులో దయ కన్నా లోకజ్ఞానం ఎక్కువ. షెల్డెరుప్-ఎబ్బె అనే నార్వే పరిశోధకుడు కోళ్ళ మందలో ఎవరు ఎవరిని పొడవచ్చో ఒక వరుస ఉంటుందని 1921లో సిద్ధాంతం రాశాడు. నాయనమ్మకు ఆ పేరు నోరు తిరగదు గాని సిద్ధాంతం తెలుసు. నిన్నటిదాకా ఒకే గూట్లో పడుకున్నవే, ఇవాళ ఇది తూలుతోందని తెలియగానే మెడ మీద, జుట్టు మీద పొడుస్తాయి. గంప ఆ ముక్కుల నుంచి కాపాడుతుంది, అంటు మిగతావాటికి పాకకుండా చూస్తుంది. మూడో ప్రయోజనం ఉంది, దాన్ని శిష్టులు గట్టిగా పలకరు: రెట్ట ఎవరిదో తెలుస్తుంది.

రెట్టను చదవడం టీకా రాయడం కన్నా కష్టం. ముదురు రంగు ముద్ద మీద తెల్లటి టోపీ ఉంటే అది ఆరోగ్యం. ఆ తెలుపు కోడి మూత్రమే, వేరుగా పోయదు కాబట్టి అలా కలిసి వస్తుంది. మధ్యమధ్య జిగురుగా, గోధుమ రంగులో, కంపు కొడుతూ ఒకటి వస్తుంది. దాన్ని చూసి బెంబేలెత్తేవారున్నారు, అదీ మామూలే. పచ్చగా నీళ్ళలా పడితే మామూలు కాదు. కోడిపిల్లల రెట్టలో నెత్తురు కనబడితే పేగుల్లో కాక్సిడియా అనే పరాన్నజీవులు చేరి ఉండవచ్చు. దానికి పశువైద్యుడి దగ్గర నీళ్ళలో కలిపే మందుంది, వెల్లుల్లి కాదు.

మూయండి అన్నంత మాత్రాన ఊపిరాడకుండా మూయమని కాదు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి చల్లబడే ముఖ్యమైన దారి. రోహిణి కార్తె ఎండలో గంప మీద దుప్పటి కప్పితే అది ఆసుపత్రి కాదు, కుంపటి. వేపచెట్టు నీడన, గాలి తగిలే చోట బోర్లించాలి.

గోనె: స్పష్టం. తడిస్తే మార్చాలి.

గుక్కెడు నీళ్ళు పట్టండి. ఇది మూలమంతటిలోకీ కఠినమైన వాక్యం, దీన్ని తప్పుగా అన్వయిస్తే కోడి ప్రాణానికే ముప్పు. కోడికి అసలు గుక్క ఉందా? లేదు. మనలా పీల్చి మింగలేదు. ముక్కు ముంచి, కాస్త నీరు పట్టుకుని, తల పైకెత్తితే నీరు తనంతట తాను గొంతులోకి జారాలి. చుక్క తాగి ఆకాశానికి దణ్ణం పెడుతున్నట్టు కనబడుతుందే, అది భక్తి కాదు. పైగా గాలిగొట్టం ద్వారం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది. ముక్కు విప్పదీసి గ్లాసుతో పోస్తే నీరు ఊపిరితిత్తుల్లోకే పోతుంది. జబ్బుతో బతకాల్సిన పెట్ట ప్రేమతో పోతుంది. కాబట్టి ‘పట్టండి’ అనగా ముక్కు అంచున ఒక్కొక్క చుక్కా తగిలించి, మింగేదాకా ఆగి, ఇంకో చుక్క అని తాత్పర్యం. ఇంక్‌ఫిల్లరు ఉంటే మేలు, లేకపోతే వేలి కొస చాలు. చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం కలపడం అధిక పాఠమే గాని మంచి పాఠం.

నీళ్ళు పట్టేటప్పుడు పట్టుకోవడమెలా? పిల్లలు గుండెకు హత్తుకుంటారు. కోడికి మనకున్నట్టు ఛాతీకీ పొట్టకీ మధ్య ఊపిరి ఆడించే పొర లేదు. రొమ్ము ఎముక కిందికీ పైకీ కదిలితేనే గాలి ఆడుతుంది. గట్టిగా కౌగిలించుకుంటే ఆ కదలిక ఆగిపోతుంది. రెక్కలు మూసి, అడుగున అరచెయ్యి పెట్టి, రొమ్మును వదిలెయ్యాలి.

నీళ్ళు నిలిచాక తిండి. దీని గురించి మూలం మౌనం, ఎందుకంటే నాయనమ్మకు అది చెప్పాల్సిన సంగతి కాదు: మెత్తటి నూకల జావ, చోడి అంబలి, మరీ నీరసంగా ఉంటే ఉడికించి చిదిపిన గుడ్డు. తన గుడ్డు తనకే పెట్టడంలో విడ్డూరం మనకే గాని పెట్టకు లేదు. తెల్లవారుజామున మెడ కింది మేతసంచిని వేళ్ళతో తడిమి చూడాలి. రాత్రంతా తినలేదు కాబట్టి అది ఖాళీగా ఉండాలి. రాయిలా గట్టిగా ఉంటే ఏ పొడుగాటి గడ్డిపోచో, ప్లాస్టిక్ దారమో లోపల చుట్టుకుని దారి మూసేసి ఉంటుంది. అప్పుడు తిండి పెట్టడం ఆపి, కోడిని గంపతో సహా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఇప్పుడు ఏకవచనం. నాయనమ్మ ‘పెట్ట’ అంది, ‘పెట్టలు’ అనలేదు. ఒకటి ముడుచుకుంటే గంప వైద్యం. ఒకే ఉదయం నాలుగు ముడుచుకుంటే, మెడలు మెలితిరిగితే, పచ్చగా విరేచనాలైతే అది కొక్కెర తెగులు కావచ్చు. 1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో, జావా దీవిలో గుర్తించిన ఈ వైరస్ జబ్బు ఆ దశాబ్దంలోనే కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో బయటపడింది. మన దేశంలో దాని పేరు రాణీఖేత్ వ్యాధి. ఊరి పేరెంత అందమో జబ్బంత క్రూరం. వచ్చాక దీనికి మందు లేదు, యాంటీబయాటిక్ పనిచెయ్యదు. రాకముందే పిల్లకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, ఎనిమిదో వారం ప్రాంతంలో ఆర్‌టుబి టీకా వేయించాలి. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళకూ ఈ టీకాలు తప్పవు. టీకా అన్న మాటకు రెండర్థాలుండటం తెలుగు చేసుకున్న అదృష్టం. ఒక టీకా రాయకపోయినా కోడికి ఏమీ కాదు, రెండోది వేయకపోతేనే గూడు ఖాళీ అవుతుంది.

మూలంలో లేనిది రాయనని మల్లినాథుడు మాట ఇచ్చాడు. ఈ వ్యాఖ్యాతకు ఇక్కడ ఆ నియమం తప్పక తప్పలేదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కోళ్ళు మూకుమ్మడిగా పడిపోతుంటే తాకకూడదు, కోయకూడదు, చచ్చినవాటిని కాలవలో పారెయ్యకూడదు. ఊరి పశువైద్యశాలకు చెప్పాలి, లేదా 1962కు ఫోను చెయ్యాలి. ఈ అంకె సంవత్సరం కాదు.

కత్తి జోలికి పోకండి. అల్లుడు ఎదురుచూస్తున్న పదం. చచ్చి చెడే బదులు కూరకైనా పనికొస్తుంది కదా అన్నది ఛేదనవాదుల మతం. ఊళ్ళలో దీనికి అనుయాయులు ఎక్కువ. ఖండన: జబ్బేమిటో తెలియని కోడిని కోసేటప్పుడూ ఈకలు పీకేటప్పుడూ నెత్తురూ రెట్టా చేతికంటుతాయి, అంటు మనిషికి ఎక్కే దారుల్లో అదొకటి. మందు పడిన కోడైతే దాని మాంసమూ గుడ్లూ కొన్నాళ్ళు తినకూడదు. ఎన్నాళ్ళన్నది మందు ఇచ్చిన వైద్యుణ్ణి అడగాలి. దక్కకపోతే లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. అల్లుడికి ఆ పూట పప్పుచారు.

మూలంలోని పెట్ట దక్కింది. రెండో రోజు జావలో ముక్కు పెట్టింది. మూడో రోజు గంప లోపలి నుంచి పొడవడం మొదలెట్టింది. నాలుగో రోజు చీకటి పడ్డాక, మిగతావి గూట్లో సర్దుకున్నాక, చప్పుడు చెయ్యకుండా మధ్యలో కూర్చోబెట్టారు. పగలు వదిలితే వరుసలో తన చోటు కోసం మళ్ళీ మొదటి నుంచి పొడిపించుకోవాలి. రాత్రిపూట ఆ గొడవ కొంత తగ్గుతుంది.

అయిదో రోజు పొద్దున పెట్ట నేరుగా అరుగెక్కి, నాయనమ్మ ఆరబెట్టిన మినప వడియాల మధ్య అడ్డంగా నడిచి, అవి పచ్చివో ఎండినవో ఒక్కొక్కటీ పొడిచి చూసింది. నాయనమ్మ చాట విసిరి, “ఒరేయ్, ఆ కత్తి ఇలా పట్రా, దీన్ని ఇవాళ కూరొండేస్తా” అని కేకేసింది. అల్లుడు లేచి నిలబడ్డాడు. అలంకారం వ్యాజస్తుతి అని ఆయనకు ఎవరూ చెప్పలేదు.