మూడు ఫేజుల మంత్రగాడు

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఒకే విద్యను నమ్ముకున్నవాడు హాయిగా బతుకుతాడు. రెండు విద్యలు పట్టినవాడు లెక్కలు కట్టుకుంటూ బతుకుతాడు. నేను రెండో రకం. ఎవరెంత మొత్తుకున్నా మారేది లేదు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ బయటికి తెచ్చిన ఆట ఇది. గెలుపు ఓటములు ఉండవు. ఒకడు కథ నడుపుతాడు, వాడు డీఎం. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర కట్టి, ఏం చేస్తామో నోటితో చెప్పి, ఇరవై ముఖాల పాచిక విసురుతారు. మా డీఎంది కోరుట్ల, ఉండేది డాలస్‌లో. కత్తి పట్టేవాడు దుబాయ్‌లో. సిరిసిల్ల ఆమె హైదరాబాద్‌లో. నేను పెగడపల్లిలో, మా మేడ మీది గదిలో. శనివారం రాత్రి నలుగురం వీడియో కాల్‌లో కూర్చుంటాం. ఒకసారి “డీఎం ఒప్పుకోలేదు” అని గొణుక్కుంటుంటే బాపు విని, “ఏ డిపో డీఎమ్మురా?” అన్నాడు. ఆర్టీసీకి బయట కూడా డీఎంలు ఉంటారని ఆయన ఇప్పటికీ నమ్మడు.

నా పాత్ర విజార్డ్, క్లెరిక్ రెండూనూ. విజార్డ్‌ది చదువు, పుస్తకం ముందేసుకుని కుస్తీ పడితే వస్తుంది. క్లెరిక్‌ది భక్తి, దేవుడు దయతలిస్తే వస్తుంది. 2014 నాటి రూల్ పుస్తకం ప్రకారం ఈ రెండూ కలపాలంటే తెలివి 13, వివేకం 13 ఉండాలి. ఈ సంగతి చెబితే బాపు కాసేపు ఆలోచించి, “రెండూ పదమూడున్నోడు మన ఇంటిపేరుల ఎవడున్నడురా?” అన్నాడు. ఒక్క పేరూ తట్టలేదు.

కలపడానికి నా కారణం భక్తి కాదు, కవచం. ఉత్త విజార్డ్‌కు కవచం అలవాటుండదు. తొడుక్కుంటే మంత్రం పలకదు. కాబట్టి అంగీ మీదే యుద్ధానికి పోవాలి. అదే క్లెరిక్‌గా ఒక్క లెవెల్ తీసుకుంటే ఇనుప చొక్కా, డాలు రెండూ చేతికొస్తాయి. ఒక్కదానితో ఆగమని అందరూ చెప్పారు. పెళ్లి విందులో బగారా వడ్డించాక తలకాయ కూర రాకముందే లేచేవాణ్ని కాను నేను. రెండు తీసుకున్నాను. మూడు విజార్డ్, రెండు క్లెరిక్, మొత్తం ఐదు.

ఇక్కడే రూల్ పుస్తకం మెలిక పెట్టింది. మంత్రం వేయడానికి స్లాట్లు ఖర్చవుతాయి. రెండు విద్యల లెవెళ్లూ కలిపి స్లాట్లిస్తారు: ఒకటో మెట్టువి నాలుగు, రెండో మెట్టువి మూడు, మూడో మెట్టువి రెండు. ఐదో లెవెల్ ఉత్త విజార్డ్‌కు ఎన్నో నాకూ అన్నే. కానీ ఏ మంత్రాలు వచ్చునన్నది మాత్రం ఏ విద్యకా విద్య విడిగా చూస్తారు. మూడు లెవెళ్ల విజార్డ్‌కు రెండో మెట్టు దాటి మంత్రం రాదు, రెండు లెవెళ్ల క్లెరిక్‌కు ఒకటో మెట్టే దాటదు. అంటే మూడు ఫేజుల కరెంటు బావిదాకా వచ్చింది, మోటరే లేదు. జీరో బల్బు పెట్టుకుని చూసుకోవాలి.

సిరిసిల్ల ఆమె ఉత్త విజార్డ్. మరమగ్గాల ఊరి మనిషి, పోగు లెక్క తప్పదు. మూడో మెట్టు స్లాట్‌తో ఆమె ఫైర్‌బాల్ వేస్తుంది: ఎనిమిది పాచికలు, సగటున 28 దెబ్బ, ఇరవై అడుగుల చుట్టుకొలతలో కాదు, వ్యాసార్ధంలో ఉన్న ప్రతి తలకూ. తప్పించుకున్నవాడికీ సగం తప్పదు. అదే స్లాట్‌తో నేను వేసేది మ్యాజిక్ మిసైల్: ఐదు బాణాలు, అన్నీ కలిపి సగటున పదిహేడున్నర. నా బాణం గురి తప్పదని నేనంటాను. గురి తప్పని బెత్తం దెబ్బ అని ఆమె అంటుంది.

పైగా ఏకాగ్రత ఒకటి. ఇటు క్లెరిక్‌గా తోటివాళ్లను దీవించి, అటు విజార్డ్‌గా రాక్షసుల మీద సాలెగూడు పరుద్దామంటే కుదరదు. రెండింటికీ ఏకాగ్రత కావాలి, అది ఒక్కటే ఉంటుంది. గూడు పరవగానే దీవెన ఎగిరిపోతుంది. దుబాయ్ వాడు కత్తి ఎత్తి, “అన్నా, దీవెన ఉన్నదా పోయిందా?” అని అడగకుండా కొట్టడం మానేశాడు.

వీటన్నిటికన్నా పెద్ద ఇబ్బంది మా వాడకట్టుతో వచ్చింది. ఒక రాత్రి కిటికీ తెరిచి పెట్టుకుని, ఊపులో, “నా దగ్గర ఇంకా రెండు మంత్రాలున్నయి, ఎవని మీద ఎయ్యాలె జెప్పు” అని అరిచాను. అమ్మ మెట్లెక్కి వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా కిటికీ మూసింది. మంత్రాల నెపం పెట్టి మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మా దిక్కు పేపర్లో చదివినవే. అందుకని అమ్మ భయాన్ని నవ్వి కొట్టేయలేదు. అప్పటినుంచి మా ఇంట్లో మంత్రం అన్న మాట నిషేధం. స్పెల్ అనాలి, అదీ మెల్లగా. లోకమంతా డ్రాగన్లకు భయపడుతూ ఆడే ఆటను నేను పక్కింటివాళ్లకు భయపడుతూ ఆడుతున్నాను.

డాలస్ డీఎం మాత్రం పాత పుస్తకాలు తిరగేసి, నీకు ఇదే ఎక్కువ పొమ్మన్నాడు. 1978 నాటి రూల్స్‌లో రెండు విద్యలు పక్కపక్కన పెంచుకునే సౌకర్యం ఎల్ఫులు, మరుగుజ్జుల వంటివాళ్లకే. మనిషైతే మొదటి విద్యను అక్కడికక్కడ ఆపేసి, రెండోదాన్ని మళ్లీ ఒకటో లెవెల్ నుంచి మొదలుపెట్టాలి. కొత్త విద్య పాతదాన్ని దాటేదాకా పాతది వాడొద్దు. వాడితే అనుభవం పాయింట్లకు కోత.

వింటుంటే ఇది మన విశ్వామిత్రుడి కేసు అనిపించింది. రాజుగా సైన్యాలు, శివుడిచ్చిన దివ్యాస్త్రాలు అన్నీ సంపాదించాడు. వసిష్ఠుడి ముందు ఒక్క బ్రహ్మదండానికి అవన్నీ చల్లారిపోయాయి. సరే, లైన్ మారుద్దామని తపస్సుకు కూర్చున్నాడు. ఒకటో లెవెల్. బ్రహ్మ వచ్చి రాజర్షి అన్నాడు, తర్వాత ఋషి, తర్వాత మహర్షి. ఒక్కో ప్రమోషన్‌కు ఎన్నెన్ని వేల ఏళ్లో. మధ్యలో రంభ వస్తే పాత రాజుగారి కోపం బయటికి తీసి, రాయివి కమ్మని శపించాడు. తపస్సు మొత్తం పోయింది. పాత విద్య వాడాడు, పాయింట్లు కోసేశారు! ఆ పుస్తకం రాసినవాళ్లు బాలకాండ చదివి ఉండరు గానీ, బ్రహ్మదేవుడి దగ్గర ఆ రూల్ ముందునుంచే ఉంది. ఆఖరికి బ్రహ్మర్షి అయ్యాడు కదా అంటే, అయ్యాడు. మాది శనివారం ఆట, అన్ని వేల ఏళ్లు డాలస్‌లో ఎవరూ సెలవివ్వరు.

అమ్మకు ఈ కథ చెప్పి, రెండు కలపడం మన సంప్రదాయంలోనే ఉందని వాదించాను. అమ్మ బీరకాయ చెక్కు తీస్తూ, “కొండగట్టు అంజన్నకు ఒకటి నర్సింహస్వామి మొఖం, ఒకటి ఆంజనేయుని మొఖం. దేవుడు గనుక నడిసింది బిడ్డా. నువ్వు ఒక్కటన్న సక్కగ నేర్సుకో” అంది.

వచ్చే శనివారం ఆరో లెవెల్. మూడో క్లెరిక్ తీసుకుంటే మూడో మెట్టు స్లాట్ ఇంకొకటి వస్తుంది, వేయడానికి మంత్రం ఇంకా ఉండదు. విజార్డ్ వైపు పోతే ఇప్పుడు నాలుగు, ఆపై ఐదు. అంటే ఏడో లెవెల్‌కు గానీ నా చేతికి ఫైర్‌బాల్ రాదు. ఈ లెక్కంతా బాపుకు చెప్పాను. ఆయన దిండుకు ఆనుకుని శ్రద్ధగా విని, అసలు ఆ ఫైర్‌బాల్‌కు సామాను ఏం కావాలని అడిగాడు. పుస్తకంలో ఉన్నదున్నట్టు చెప్పాను: గబ్బిలం పెంట, గంధకం.

“గంధకం మన కొట్టంల ఉన్నది. మామిడికి బూడిద తెగులొస్తే కొట్టంగ సగం సంచి మిగిలింది. ఇగ పెంట సంగతి నువ్వు జూస్కో.”