సింఫనీకి పల్లీలు పట్టుకుపోండి

పల్లీలు మర్చిపోవద్దు. పట్నంలో ఏ రవీంద్రభారతిలోనో పాశ్చాత్య ఆర్కెస్ట్రా ఉందని తెలిసి బస్సెక్కే వనపర్తి వాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. ఉడకబెట్టినవి పనికిరావు, చప్పుడు చేయవు. పొట్టుతో వేయించిన కాయలు, కరకరలాడే ప్లాస్టిక్ కవర్లో తీసుకుపోండి. డోళ్లు మోగుతున్నప్పుడు ఒలిస్తే మీరు తింటున్నట్టు ఎవరికీ తెలియదు. ఫ్లూటు ఒక్కటే సన్నగా సాగుతున్నప్పుడు చిట్లించండి. పక్కాయన తల తిప్పి చూస్తే గుప్పెడు చేతిలో పెట్టండి. పాపం, నోరు తెరిచి అడగలేకపోతున్నాడు.

గద్వాల ఆడవాళ్లు ఇంటి చీరే కట్టుకోవాలి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, ఆ రెంటినీ మగ్గం మీదే ఎలా కలుపుతారో పక్కావిడకు వివరంగా చెప్పండి. కచేరీలో నెమ్మదిగా నడిచే భాగం ఒకటుంటుంది, దానికదే సమయం. చీర మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందన్న మాట మాత్రం వెనక వరసకు కూడా వినబడాలి.

మొదట ఓబో అనే సన్న పీక ఒకే స్వరం పట్టుకుంటుంది, మిగతా వాద్యాలన్నీ దాంతో శ్రుతి కలుపుకుంటాయి. అప్పుడే లేచి చప్పట్లు కొట్టండి. 1971లో న్యూయార్క్‌లో, బంగ్లాదేశ్ సాయం కోసం పెట్టిన కచేరీలో, రవిశంకర్ బృందం శ్రుతి చేసుకుంటుంటేనే జనం హోరెత్తించారు. వాళ్లకు లేని మొహమాటం మనకెందుకు?

సింఫనీ అంటే మామూలుగా నాలుగు భాగాలు, మధ్యలో మూడు ఖాళీలు. మూడింట్లోనూ ఈలలు వేయండి. ఎవరైనా ఉస్సుమంటే మొజార్ట్ పేరెత్తండి. 1778లో పారిస్‌లో తన సింఫనీ నడుస్తుండగానే జనం చప్పట్లు కొట్టారని మురిసిపోయి నాన్నకు ఉత్తరం రాసినవాడు ఆయన. కచేరీ కాగానే ఆ సంబరంలో పోయి ఐస్‌క్రీం తిన్నాడట కూడా. (ఉస్సుమన్నవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. అయినా చెప్పండి.)

నిద్ర వస్తే ఆపుకోకండి. హైడన్ 94వ సింఫనీ రెండో భాగం జోలపాటలా మొదలవుతుంది, ఉన్నట్టుండి వాద్యాలన్నీ ఒక్కసారి ధడేల్‌మంటాయి. లేపే బాధ్యత ఆయనే తీసుకున్నాక మీరెందుకు మేలుకోవాలి?

ఇక ఆధునికుల వంతు. జాన్ కేజ్ 1952లో రాసిన రచన ఒకటుంది. నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్లు వాద్యకారులు ఒక్క స్వరం కూడా పలికించరు. ఆ సేపట్లో హాల్లో వినబడేదే సంగీతమని దాని అర్థం. మీ దగ్గు, మీ పల్లీలు, మీ ఫోన్ రింగ్‌టోను, అన్నీ అందులోకే వస్తాయి. ఇంటికి ఫోన్ చేసి నూతి మోటరు ఆపారో లేదో కనుక్కోండి. బయటికొచ్చేటప్పుడు నిర్వాహకులను మీ పారితోషికం అడగండి.

చివర్లో హైడన్‌దే ‘వీడ్కోలు’ సింఫనీ పెడితే మీ అదృష్టం. తాము కొలువు చేసే ప్రభువు ఇళ్లకు పంపడం లేదని 1772లో ఆయన రాసిన ఆఖరి భాగంలో వాద్యకారులు ఒక్కొక్కరే కొవ్వొత్తి ఆర్పి లేచిపోయారు, చివరికి రెండు వయొలిన్లు మిగిలాయి. మొదటివాడు లేవగానే మీరూ లేవండి. ఆ రెండు వయొలిన్లు ఆగేలోపు ఎంజీబీఎస్‌లో మన బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ పడిపోవాలి.

నాగర్‌కర్నూల్ వాళ్లకు ఇంకొక్కటి. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య ఉన్నాడు. పన్నెండు మెట్ల కిన్నెర, ఎండిన సొరకాయ బుర్రల నాదం, 2022లో పద్మశ్రీ. దాని కోసం ప్రత్యేకంగా పోనక్కర్లేదు. దగ్గరే కదా, ఎప్పుడైనా వినొచ్చు. ఎక్కడైనా ఎదురుపడితే భీమ్లా నాయక్ సినిమాలో ఆయన పాడిన పాట అడగండి, సెల్ఫీ దిగండి. ఆయన జానపద వీరుడు పండుగ సాయన్న కథ ఎత్తుకున్నాడా, అది పొడుగు. బస్సు టైమైందని చెప్పండి.