రాయికి పర్మినెంటు, నీకు పదకొండు నెలలు

మా మేనల్లుడు ఎం.ఏ. ఆర్కియాలజీ పాసయ్యాడు. మా అక్క వీధంతా లడ్డూలు పంచింది. తిన్నవాళ్లందరూ ‘‘ఆర్కిటెక్టా? మంచి డిమాండున్న లైను’’ అని దీవించి వెళ్లారు. నేను సరిదిద్దబోతే అక్క కళ్లతోనే ఆపేసింది. సంబంధాలు చూస్తున్నారు మరి.

వాడు మాత్రం ఓ సాయంత్రం నా దగ్గరికొచ్చి, ‘‘మామయ్యా, ఈ లైనులో పైకి రావాలంటే ఏం చెయ్యాలి?’’ అనడిగాడు.

‘‘ఈ లైనులో అందరూ కిందికే తవ్వుతార్రా అల్లుడూ. పైకొచ్చేది రాయి ఒక్కటే’’ అన్నాను. పాపం, నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

అడిగాడు కాబట్టి చెప్పడం మొదలెట్టాను. చార్మినార్ 1591లో డ్యూటీలో చేరింది. ఇంతవరకూ రెన్యువల్ అడిగినవాడు లేడు. దాని గురించి చదువుకున్నవాడికి మాత్రం పదకొండు నెలల కాంట్రాక్టు. పన్నెండో నెల ఇంట్లో కూర్చుని, మొదటి నెల మళ్లీ కొత్తగా చేరాలి. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ జాబితాలో శాసనాలు చదివేవాడూ గేటు తీసేవాడూ ఒకే కాలమ్‌లో ఉంటారు. గేటు తీసేవాడికి యూనిఫారం ఇస్తారు, అంతే తేడా.

కాకపోతే ఈ ఉద్యోగంలో పండగలున్నాయి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, మే 18 మ్యూజియం దినం, నవంబరు 19 నుంచి 25 దాకా వారసత్వ వారం. వెరసి ఏడాదికి తొమ్మిది రోజులు దేశానికి నువ్వు గుర్తొస్తావు. ఆ తొమ్మిది రోజులూ బడిపిల్లలతో ఎండలో ర్యాలీ తీయించాలి. ముఖ్య అతిథి వచ్చేదాకా బొకే వాడిపోకుండా చూసుకోవాలి. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల ఏదీ కట్టకూడదని చట్టం. ఫ్లెక్సీ కట్టడం ఆ కట్టడాల కిందికి రాదు గనక దాన్ని నేరుగా శిల్పం మెడకే కడతారు. ఆ ముడి విప్పడం నీ పని. అది నీ చదువుకు సంబంధించిన పనే, కన్సర్వేషను.

ఫీల్డు వర్కు సంగతి వాడే చెప్పాడు. చదువుకునేటప్పుడు ఒక ఊరికి శాసనం నకలు తీయడానికి వెళ్లారట. చెరువు గట్టు కింద బట్టలుతికే బండ అది. సబ్బు నురగ కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్షుతో కొట్టి, సిరా అద్దుతున్నారు. ఊరు ఊరంతా చుట్టూ మూగింది. అందరిదీ ఒకటే ప్రశ్న: ‘‘నిధి ఎన్ని అడుగుల లోతులో ఉంది సారూ?’’ నిధి లేదంటే ఎవరూ నమ్మలేదు. ‘‘ఉన్నోళ్లెవరైనా ఉందని చెప్తారా’’ అన్నాడొక ముసలాయన. సర్పంచి కుర్చీ వేయించి, టీ తెప్పించి, చెవి దగ్గరికొచ్చి వాటా సంగతి కూడా మాట్లాడాడు.

సిరా ఆరి, నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు తేలాయి. మావాడు ఉత్సాహంగా చదివాడు. చెరువు కింది భూమిని దేవుడికి దానమిచ్చారు, హద్దులివి, ఈ భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడు. గుంపులో ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ భూమి లేఅవుటై, ప్లాట్లకు హద్దురాళ్లు కూడా పాతేశారు. సర్పంచి గొంతు సవరించుకుని, ‘‘చదవడం దేనికి బాబూ, కాగితం తీసుకెళ్లండి చాలు’’ అన్నాడట. రెండో టీ రాలేదు.

‘‘చూశావా, చదవడం వచ్చినవాడికి టీ ఒక్కటే’’ అన్నాను. ‘‘అదే కథ చెప్పడం వచ్చుంటే?’’

లేపాక్షికి వెళ్లు. వేలాడే స్తంభం కిందనుంచి తువ్వాలు ఇటు దూర్చి అటు లాగించే గైడు చుట్టూ యాభైమంది ఉంటారు. అదే మండపం కప్పు మీద విజయనగర కాలపు వర్ణచిత్రాలుంటాయి. వాటి కోసం తల పైకెత్తేవాళ్లు మెడనొప్పికి భయపడని నలుగురే. రామప్పలోనూ అంతే. ఇసుక నింపిన పునాది మీద 1213 నాటి గుడి ఎలా నిలబడిందో చెప్పబోతే జనం ఫోను చూసుకుంటారు. నీళ్లలో తేలే ఇటుక అనగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఇటుక గురించి చెప్పడం తప్పేం కాదు, అదీ నిజమే. కానీ ఎనిమిది వందల ఏళ్లు నిలబడ్డదానికన్నా తేలేదానికే చప్పట్లు.

రామప్ప అంటే ఇంకోటి గుర్తొచ్చింది. శిల్పి పేరుతో పిలిచే గుడి అని గర్వంగా చెప్పుకుంటాం. శాసనంలో ఉన్నది కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు. రేపు నువ్వు మూడేళ్లు ఎండలో తిరిగి రిపోర్టు రాస్తే అట్ట మీద ఎవరి పేరుంటుందో నేను చెప్పక్కర్లేదు.

‘‘పోనీ ఫారిన్ వెళ్లనా?’’ అన్నాడు.

మంచి ఆలోచనే. అమరావతి స్తూపం రాళ్లు కూడా అదే చేశాయి. కాలిన్ మెకంజీ అనే దొర 1797లో వచ్చి చూసేనాటికే స్తూపాన్ని తవ్వి రాళ్లు పట్టుకుపోతున్నారు. కదలకుండా ఊళ్లోనే ఉన్న రాళ్లలో ఎన్నో సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. కదిలినవి మద్రాసు చేరాయి. ఇంకొంచెం అదృష్టమున్నవి ఓడెక్కి లండన్ వెళ్లి, బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల వెనక గదిలో సెటిలయ్యాయి. మన ఊరి సంబంధాల్లాగే, ఫారిన్‌లో సెటిలైనవాటికే విలువ. వాటిని చూడాలంటే నువ్వు వీసా ఇంటర్వ్యూలో ‘‘తిరిగొస్తాను’’ అని రుజువు చేసుకోవాలి. ఆ రాళ్లని ఎవరూ అలా అడగలేదు.

ఇన్ని చెప్పాక వాడు లేచి వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా ఉద్యోగం తెచ్చుకున్నాడు. రియల్ ఎస్టేట్ కంపెనీ. వెంచరు పేరులో ‘హెరిటేజ్’ ఉందట. బ్రోచరుకు చరిత్ర రాయడం, ముఖద్వారం ఆర్చికి కాకతీయ తోరణం కొలతలు చూడటం డ్యూటీ. జీతం కాంట్రాక్టు ఉద్యోగానికి మూడింతలు. అక్క మళ్లీ లడ్డూలు పంచింది. ఈసారి ఆర్కిటెక్ట్ అన్నవాళ్ల మాట కొంత నిజమే అయ్యింది కూడా.

మొన్న పొద్దున్నే ఫోను చేశాడు. వెనకాల జేసీబీ మోత.

‘‘మామయ్యా, ఆర్చి పునాది గోతిలో ఒక రాయి తగిలింది. ఒక పక్క అక్షరాలున్నాయి. చెబితే పనాపేస్తారు. చెప్పాలంటావా?’’

‘‘మొదటి నెల జీతం పడిందా?’’

‘‘ఇంకా లేదు.’’

నేను ఏదో సలహా చెప్పబోయాను. అవతల జేసీబీ మోత ఆగిపోయింది. ‘‘అన్నా, ఒక బక్కెట్ నీళ్లు పట్రావూ’’ అంటున్నాడు వాడు, నాతో కాదు.