భారవాహిని: తొమ్మిది మాటలకు టీకా తాత్పర్యం

అవతారిక

మెదక్ సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి తన వ్యాఖ్యానాలకు పేర్లు పెట్టుకున్నాడు. కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష. ఆ దారినే నా వ్యాఖ్యకు భారవాహిని అని పేరు పెట్టాను. మూలంలో లేనిది రాయనని సూరిగారు ఒట్టు పెట్టుకున్నారు గాని నాకా ఒట్టు లేదు. ముప్ఫై నాలుగేళ్లు రైల్వే పార్శిల్ ఆఫీసులో చేసినవాణ్ణి. మూట విప్పకుండా లోపల ఏముందో పసిగట్టడమే నా పని. పైగా సూరిగారికి లేని సదుపాయం నాకొకటి ఉంది. మూలకర్త పక్కగదిలోనే ఉన్నాడు. హెడ్‌ఫోన్లు తీస్తే పలుకుతాడు కూడా.

దేశకాలములు. బిలాస్‌పూర్, రాజ్‌కిశోర్ నగర్, రాత్రి పదకొండున్నర. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి ఈ పట్టాల వెంట వచ్చినవాళ్ళలో మా తాత ఒకడు. ఆ రైల్వే పోయింది, 2003లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే వచ్చి బిలాస్‌పూర్‌లోనే కొలువు పెట్టింది. మేం మాత్రం ఎక్కడికీ పోలేదు. నేను రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి ఈ కాలనీకి మారాం, అంతే.

గ్రంథము. స్కైరిమ్ అనే కంప్యూటర్ ఆట. అమెరికాలో బెథెస్డా వాళ్ళు 2011 నవంబరు 11న విడుదల చేశారు. మంచుకొండల దేశం, కత్తులు, మంత్రాలు, ఎగిరే సర్పాలు. నాయకుడు బండిలో చేతులు కట్టేసిన ఖైదీగా ప్రవేశిస్తాడు. తల తీయబోయే సమయానికి డ్రాగన్ దిగి ఊరు తగలబెట్టి అతణ్ణి కాపాడుతుంది. మా మనవడికి పదహారేళ్లు. వాడు బడిలో చేరేనాటికే ఈ ఆట పాతబడింది. అయినా వదల్లేదు.

మూలము

"బరువెక్కువైంది తాతా, నడుస్తున్నా, డ్రాగన్ వచ్చింది, సేవ్ లేదు, లైట్ పోయింది."

టీక

బరువెక్కువైంది: ఇది ఈ వాక్యానికి ప్రాణం. ఆటలో నాయకుడు మోయగల బరువు మొదట 300. మూడువందల ఏమిటి? కిలోలా, మణుగులా, సేర్లా? గ్రంథకర్తలు చెప్పలేదు. తూనిక రాసి కొలమానం రాయని కాగితం మా ఆఫీసులో ఒక్కనాడూ కౌంటర్ దాటలేదు. మన రైల్లో స్లీపర్‌కు 40 కిలోలు, సెకండ్ క్లాసుకు 35, ఏసీ ఫస్టుకు 70 ఉచితం; పిల్లవాణ్ణడిగినా చెప్తాడు. సరే, అంకెల్నే నమ్ముదాం. ఇనుప కవచం 30. డ్రాగన్ ఎముక ఒక్కొక్కటి 15, పొలుసు 10. చీజ్ చక్రం 2. (దీన్ని జున్నుగడ్డ అని మా కోడలు అర్థం చెప్పింది. ఈనిన గేదె పాలతో చేసేదానికీ దీనికీ చుట్టరికం లేదు. ఆ అర్థం త్యాజ్యం.) క్యాబేజీ పావు. బంగారు నాణెం మాత్రం సున్న. లక్ష నాణేలున్నా భుజం వంగదు. బంగారానికి బరువుండదని ఎవరైనా నా కౌంటర్ దగ్గర చెప్పి ఉంటే పోలీసును పిలిచేవాణ్ణి.

అంకె 300 దాటిందా, నాయకుడు పరుగెత్తలేడు. ఈడ్చుకుంటూ నడుస్తాడు. ఒక మెట్టు పైకెదిగినప్పుడు దేహదార్ఢ్యం కోరుకుంటే ఇంకో 5 కలుస్తుంది. అనగా ఇరవై క్యాబేజీలు.

మరి ఎందుకు ఎత్తుకోవడం? ఇక్కడే ఆట గొప్పతనం, ఆట పాపం ఒకే మూటలో ఉన్నాయి. కంటికి కనిపించిన గిన్నె, గరిటె, చీపురు, పుస్తకం, పువ్వు, పుర్రె, ఏదైనా చేతికందుతుంది. పుస్తకమైతే తెరిచి చదువుకోవచ్చు కూడా. వస్తువును బొమ్మగా గోడకంటించకుండా వస్తువుగా ఉంచారు. దూరాన కొండ కనిపిస్తే ఎక్కొచ్చు. కత్తి తిప్పినవాడికి కత్తివిద్య పెరుగుతుంది, తాళాలు తీసినవాడికి తాళాల విద్య. పద్దెనిమిది విద్యలూ చేస్తేనే వస్తాయి. ఇంత స్వేచ్ఛ ఇచ్చి, ప్రతి వస్తువుకూ తూనిక పెట్టి, చివర్న "ఇక మోయలేవు" అంటాడు ఆట కట్టినవాడు. దొంగ కొడుకు! మా ఇంటివాళ్ళు కోర్బా–విశాఖ లింక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. ఇక్కడి బియ్యం అక్కడికి, అక్కడి ఆవకాయ ఇక్కడికి. ఏ ఒక్కటీ బరువు కాదు, అన్నీ కలిస్తే బరువు. విజయనగరం ప్లాట్‌ఫాం మీద నా నడక చూసినవాడికి ఈ పదానికి టీక అక్కర్లేదు.

2022 ఆగస్టు 15న మావాళ్ళు సూపర్ వాసుకి అనే గూడ్సు నడిపారు. కోర్బా నుంచి రాజ్‌నందగావ్‌కు, 295 వ్యాగన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడుగు, బండితో కలిపి సుమారు 26,000 టన్నుల బొగ్గు బరువు. ఆరు ఇంజన్లు కట్టారు. ఈ నాయకుడికి ఉన్నది ఒక్క వీపు.

తాతా: సంబోధన. బరువన్న మాట పక్కనే తాత ఎందుకొచ్చాడన్నది పండితులు ఆలోచించవలసిన విషయం. ఆటలో లిడియా అనే వీరవనిత ఉంటుంది, నాయకుడి మూటలు మోస్తానని ప్రతిజ్ఞ చేసినది. ఆ ప్రతిజ్ఞను ఆమె పలికే తీరు విన్నాను. స్టేషన్లో సూట్‌కేసు అందుకుంటూ నేను "ఇలా తే" అనే తీరూ అదే. ఆమె దగ్గర ఒక దోషం, గుమ్మంలో అడ్డంగా నిలబడి కదలదు. ఆ రాత్రి ఆమె ఏదో గుహలో అలాగే ఉండిపోయింది. అందుచేత తాత.

నడుస్తున్నా: వర్తమానక్రియ. అధికభారుడికి, కాలినడకన ఉన్నవాడికి, పటం మీద ఊరి పేరు నొక్కి క్షణంలో చేరే సౌకర్యం రద్దవుతుంది. "గుర్రం కొనవచ్చును గదా" అని పూర్వపక్షం. కొన్నాడు, వెయ్యి నాణేలు పోసి. ఈ ఆటలో గుర్రాలు యజమాని చెప్పకుండానే యుద్ధానికి దిగుతాయి. పోయినవారమే ఎలుగుబంటి మీదికి వెళ్ళి చచ్చింది.

నడిచేవాడికి దారిలో లోకం కనిపిస్తుందనేది నిజం. రాత్రి ఆకాశంలో పచ్చటి వెలుగుతెరలు ఊగుతుంటే నేను కూడా నీళ్లగ్లాసుతో వెనకే నిలబడిపోయాను. ఊళ్లలో కాపలాభటులు మాత్రం అదే మాట అరగదీస్తారు: ఒకప్పుడు వాళ్ళూ సాహసికులేనట, మోకాలికి బాణం తగిలి మానేశారట. అందరికీ అదే మోకాలు! మా రిటైర్డు ఉద్యోగుల సాయంత్రపు బెంచీకి ఇంతకంటె మంచి చిత్రం ఎవరూ గీయలేదు.

డ్రాగన్ వచ్చింది: డ్రాగన్ అనగా రెక్కలున్న సర్పం. మన వాసుకికి రెక్కల్లేవు, చక్రాలున్నాయి. వీటన్నిటికీ పెద్ద అల్డూయిన్, లోకాన్ని మింగడానికి వచ్చినది. మింగడానికి తొందరేమీ లేదు. నాయకుడు ఆర్నెల్లు క్యాబేజీలు ఏరుకున్నా లూప్‌లైన్లో పెట్టిన గూడ్సులా ఓపిగ్గా ఉంటుంది. కథకు ఇది మచ్చే; తీరిక ఉన్నవాడికి వరం. చిన్న డ్రాగన్లకు మాత్రం ఆ ఓపిక లేదు.

సేవ్ లేదు: వ్యాకరణం తెలిసినవాడు ఇక్కడ ఆగాలి. "సేవ్ చెయ్యలేదు" అంటే కర్త ఉంటాడు, తప్పు ఉంటుంది. "సేవ్ లేదు" అంటే కర్త లేడు. వాన లేదు, నీళ్లు లేవు అన్నట్టు సృష్టిలోనే ఆ పదార్థం లేదు. పదహారేళ్ల వయసుకు ఈ ప్రయోగం సహజం.

లైట్ పోయింది: ఆంధ్రలో కరెంటు పోతుంది, బిలాస్‌పూర్‌లో లైట్ పోతుంది, హిందీవాళ్ళ సహవాసం. విశేషమేమంటే, మావాడు ఈ మాట అన్నప్పుడు హాల్లో లైటు వెలుగుతూనే ఉంది. ఇన్వర్టర్ తీగ హాలు దాకానే వచ్చింది, వాడి కంప్యూటరు ప్లగ్గు దాకా రాలేదు. కాబట్టి వాచ్యార్థం పొసగదు. గంగలో గొల్లపల్లె అంటే గంగ గట్టున అని తీసుకున్నట్టు, ఇక్కడా లక్షణచేత అర్థం చెప్పుకోవాలి.

పాఠాంతరము: "లైట్ పోయింది, పీడా పోయింది" అని కోడలి ప్రతిలో.

అలంకారము

కొందరు దీన్ని ఉత్త ఏడుపుగా కొట్టిపారేశారు. కాదు, కారణమాల. ముందుది వెనకదానికి కారణం. బరువెక్కువైంది కనుక పటం మీద గంతు లేదు. గంతు లేదు కనుక నడక. ఆట తనంతట తానే దాచుకునేది తలుపు దాటినప్పుడు, పడుకున్నప్పుడు, గంతేసినప్పుడు. బయలు దారిలో తలుపెక్కడ, మంచమెక్కడ? సంచీ పట్టిక తెరిచినప్పుడు కూడా అప్పుడప్పుడు దాచుకునే ఏర్పాటొకటి ఉంది గాని, క్షణంసేపు ఆగినట్టవుతోందని మావాడే దాన్ని తీసేశాడు. అందువల్ల సేవ్ లేదు. ముప్పావుగంట నడక, రెండు యుద్ధాలు, ఒక ఎండిన నక్క తోలు, అన్నీ గాల్లో. మూలకారణం వెతుక్కుంటూ పోతే ఎనిమిది చీజ్ చక్రాల దగ్గర తేలింది.

"అవెందుకురా?" అన్నాను.

"ఫైటింగ్ మధ్యలో తినొచ్చు తాతా. సంచీ తెరిస్తే టైమ్ ఆగిపోతుంది."

డ్రాగన్ నోరు తెరిచి నిప్పు ఊదబోతుంటే, కాలాన్ని ఆపి, ఎనిమిది చక్రాలు వరసగా మింగి, మూతి తుడుచుకుని మళ్ళీ కత్తెత్తడం! అసంగతమే. అయినా నాకు నచ్చింది.

తాత్పర్యము

పన్నెండుంబావుకు లైట్ వచ్చింది. వాడు వెనకటి తలుపు దగ్గర మళ్ళీ లేచాడు, అదే మూటతో. నేను కుర్చీ లాక్కుని కళ్ళద్దాలు పెట్టుకుని పక్కన కూచున్నాను. తూనిక పట్టిక తెరిపించి ఒక్కొక్కటీ చదివించాను. ఆరు డ్రాగన్ ఎముకలు, ఆరు పదిహేన్లు తొంభై.

"ఎముకలు పారెయ్యి, హాయిగా పరుగెత్తు" అన్నాను.

"ఒక్కోటి ఎంతో తెలుసా తాతా? ఐదొందలు."

"కొనేవాడి దగ్గరెంతుంటుంది?"

"ఏడొందల యాభై. రెండ్రోజులకోసారి మళ్ళీ నిండుతుంది."

కాసేపు లెక్కేసుకున్నాను.

"అయితే చీజ్ పారెయ్" అన్నాను.