ఎర్ర జాడీ ఆత్మకథ

ఒక వ్యాపారానికి గుర్తుగా నిలిచే బొమ్మను గానీ, అక్షరాల కూర్పును గానీ, ఆ రెండూ కలిసిన రూపాన్ని గానీ లోగో అంటారు. దుకాణం పేరును, అక్కడ దొరికే సరుకు రుచిని, ఆ సరుకు మీద కొన్నవారికి కుదిరిన గురిని మోయడమే దాని పని. తనదంటూ వేరే ఉనికి లేదు కనుక, కథ చెప్పుకోవలసి వచ్చినప్పుడు కూడా లోగోకు ఉత్తమ పురుష చెల్లదు; ప్రథమ పురుషలోనే చెప్పుకోవాలి.

ఈ లోగో గుంటూరు జిల్లాలోని ఒక పచ్చళ్ల దుకాణానిది. ఎర్రని జాడీ, దానికి అటూ ఇటూ రెండు మామిడాకులు, కింద దుకాణం పేరు, ఆ పేరు చివర ‘పచ్చళ్లు’ అనే మాట, ఇంతే దీని రూపం. దీన్ని గీయించడానికి యజమాని ఇద్దరిని సంప్రదించాడు. మొదట వచ్చిన డిజైనర్ దుకాణంలో ఒక పూట కూర్చుని, సీసా మూత వెడల్పెంత, లేబుల్ ఎన్ని రంగుల్లో అచ్చవుతుంది, బిల్లుల మీద రబ్బరు స్టాంపు వేస్తారా, అమెరికాకు పార్శిళ్లు వెళ్తాయా, చుట్టుపక్కల దుకాణాల గుర్తులేమిటి అని అడిగి రాసుకుంది. మూడు వారాల గడువు, సగం సొమ్ము ముందుగా కావాలన్నది. రెండో వ్యక్తి ఏదీ అడగకుండా, తక్కువ సొమ్ముకే, మర్నాటికి పది నమూనాలు వాట్సాప్‌లో పంపాడు. ఒకేసారి పది బొమ్మలు కళ్లముందు నిలిచేసరికి, ప్రశ్నలు వేసిన మనిషి కన్నా బొమ్మలు పంపిన మనిషే పనిమంతుడనిపించడం సహజం. అలా ఈ జాడీ పుట్టింది.

తక్కువ ధరకు పుట్టడం దీని లోపం కాదు. నైకీ సంస్థ గీతను 1971లో కరోలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని గీసినందుకు 35 డాలర్లే ఇచ్చారు. అయినా అది ఆ సంస్థ కోసమే ఆలోచించి గీసిన గీత. అదే ఏడాది అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు చెందిన శేఖర్ కామత్ స్టేట్ బ్యాంకుకు గీసిన నీలి వలయం పాసుపుస్తకం మీదైనా, ఏటీఎం నెత్తిన బోర్డు మీదైనా చెదరకుండా నిలుస్తుంది. ఈ ఎర్ర జాడీ ఎవరికోసమూ గీసినది కాదు. ఎవరైనా ఇంటర్నెట్ నుంచి దింపుకుని పేరు మార్చుకోగల రెడీమేడ్ నమూనాలలో అదొకటి. మామిడాకులు కూడా ఆ నమూనాతో వచ్చినవే.

ఆ నమూనాలో పేరు కోసం వదిలిన చోటు ఇంగ్లీషు అక్షరాలకు కుదిరినది. తెలుగు అక్షరం పైన తలకట్టు, గుడి అడుగుతుంది, కింద వత్తు అడుగుతుంది. ‘పచ్చళ్లు’ అన్న ఒక్క మాటలోనే చవత్తు, లవత్తు రెండూ అక్షరాల కింద వేలాడుతాయి. వాటికి చోటు చాలక, అక్షరాలను పైనుంచి కిందికి నొక్కి ఇరికించారు. సీసా మూత మీద అచ్చయినప్పుడు ఆ రెండు వత్తులూ కలిసిపోయి ఒక నల్లని మచ్చగా మిగిలాయి. లోగో గీసేవారు తెలుగు లిపిలో ఇంతకుముందు చేసిన పని ఏదైనా ఉందా అని అడిగి, దాన్ని మూత అంత చిన్నదిగా అచ్చు వేయించి చూసి ఉంటే ఈ అవమానం తప్పేది.

అంతకన్నా పెద్ద బాధ ఫైలు విషయంలో కలిగింది. వెక్టర్ అంటే బొమ్మను గీతల లెక్కలుగా దాచే పద్ధతి. ఎంత పెంచినా అంచు చెదరదు. జేపీజీ బొమ్మ పిక్సెళ్లనే చిన్న చుక్కల వరుస. పెంచితే చుక్కలే పెరుగుతాయి. ఈ లోగో యజమానికి అందినది 600 పిక్సెళ్ల వెడల్పున్న జేపీజీగా మాత్రమే. ఫ్లెక్స్ అచ్చువేసేవారు కోరల్ అనే వెక్టర్ ఫైలు ఉందా అని అడిగితే, అదేమిటో యజమానికి తెలియలేదు. ఎనిమిది అడుగుల ఫ్లెక్స్ మీదికి సాగదీసేసరికి ఒక్కో చుక్క నాలుగు మిల్లీమీటర్లయింది, అంటే ఆవగింజ కన్నా పెద్దది. పసుపు లేబుల్ మీద జాడీ చుట్టూ తెల్లని చతురస్రం ఒకటి అతుకులా మిగిలింది.

అయినా ఆరేళ్లపాటు ఈ లోగో తన పని మానలేదు. కొత్తావకాయ రోజుల్లో ఎర్ర జాడీ ఉన్న సీసానే కావాలని పిల్లలు సైతం వేలుపెట్టి చూపేవారు. డల్లాస్‌లో పార్శిల్ విప్పినవారు ఆ జాడీని ఫొటో తీసి పంపేవారు. రుచి పచ్చడిదే, కానీ గుర్తుండిపోయినది జాడీ.

చివరికి దెబ్బ తగిలినది ట్రేడ్‌మార్కు దగ్గర. 1999 నాటి చట్టం ప్రకారం నమోదైన గుర్తుకు పదేళ్ల రక్షణ ఉంటుంది, తరువాత పొడిగించుకోవచ్చు. నమోదు కోసం చేసిన సరుకుల వర్గీకరణలో పచ్చళ్లు 29వ తరగతిలోకి, కారప్పొడులు 30వ తరగతిలోకి వస్తాయి. చిన్న వ్యాపారులకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు. యజమాని దరఖాస్తు చేస్తే, అదే నమూనా జాడీని మరో ఊరివారు అప్పటికే నమోదు చేసుకున్నారని అభ్యంతరం వచ్చింది. పైగా 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఉద్యోగి కాని చిత్రకారుడు గీసిన బొమ్మకు మొదటి హక్కుదారు సాధారణంగా అతడే. సొమ్ము చెల్లించినంత మాత్రాన హక్కు మారదు, సంతకంతో కూడిన రాతపత్రం కావాలి. ఇక్కడ పత్రమూ లేదు, రాసివ్వడానికి పంపినవాడికి హక్కూ లేదు.

ఆ వారమే ఫ్లెక్స్ దించారు. రెండు వేల లేబుళ్లు అట్టపెట్టెలో అటక ఎక్కాయి. ఫ్లెక్స్‌ను పెరట్లో పరిచి మిరపకాయలు ఆరబోస్తున్నారు. వాన మబ్బు పట్టినప్పుడు దాని అంచులే పైకి మడిచి కాయలను కప్పుతారు. ఆరేళ్లు వీధికి చూపిన ముఖం ఇప్పుడు నేలవైపు ఉంది.

కొత్త లోగోను మొదట ప్రశ్నలు అడిగిన ఆ డిజైనరే గీసింది. ఆమె ఈసారి కూడా ముందుగా మూత కొలతే అడిగింది. అది 63 మిల్లీమీటర్లు. ఆరేళ్ల కిందటా అంతే.